కృత్తివాసుడును నేతగాడును: భావనారుషి కథలోని పులితోలు

పరమశివునకు గల పేర్లలో ‘కృత్తివాసుడు’ అనునది యొకటి. కృత్తి యనగా తోలు. దానిని వస్త్రముగా ధరించినవాడు కృత్తివాసుడు. అమరకోశము ఈ పేరును శివనామములలో చేర్చినది. వేరొకచోట అజినము, చర్మము, కృత్తి అను మాటలను పర్యాయములుగా చెప్పినది. పట్టుపీతాంబరములు కట్టిన దేవతలు మనకు పెక్కుమంది కలరు. తోలునే కట్టుబట్టగా చేసికొని, దానివలననే పేరు పొందినవాడు శివుడొక్కడే. ఆ తోలునకు మన పురాణములలో గల గౌరవము ఏ పట్టుబట్టకును లేదు. దానికై కథలు పుట్టినవి, శిల్పములు వెలసినవి, మహాకవులు దానిపై చమత్కారములు పండించిరి. ఐతే బట్ట నేసి బ్రదుకువానికి ఈ దేవునితో ఒక చిక్కు కలదు. బట్టతో పనిలేని దేవునికి నేతగాడు ఏమి సమర్పింపగలడు? ఈ ప్రశ్నకు పద్మశాలీల కులపురాణమైన భావనారుషి కథ ఇచ్చిన సమాధానమును పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము. నేను తెలుగు బోధించు భివండీ పట్టణమున ఈ కథ నేటికిని జీవించియున్నది గనుక, పుస్తకములతోపాటు మగ్గములను గూడ సాక్ష్యమునకు పిలుచుచున్నాను.

మొదట గమనింపవలసినది, పేరు ముందు పుట్టినది, కథ వెనుక పుట్టినది. తైత్తిరీయసంహితలోని శతరుద్రీయమునందే, తోలు ధరించి పినాకము చేబూని రమ్మని రుద్రుని వేడుకొనుట కలదు. ఆ తోలు ఏ జంతువుదో ఋషి చెప్పలేదు. అడవులలో కొండలలో తిరుగువాడు, విల్లు పట్టినవాడు తోలు కప్పుకొనుటకు కారణము చెప్పనక్కరలేదు గదా. ఆ దేవుడే తరువాత కైలాసవాసియై, జగములకు ఏలికయై, పర్వతరాజునకు అల్లుడైనపుడు, ఈ తోలు ఎక్కడిదను ప్రశ్న తలయెత్తినది. దానికి పురాణకర్తలు కథలు అల్లిరి. దారుకావనపు మునులు శివునిపై కినిసి, తమ హోమగుండమునుండి ఒక పులిని పుట్టించి ఉసికొల్పగా, ఆయన దానిని పట్టి కొనగోట తోలు ఒలిచి నడుమునకు చుట్టుకొనెనని దక్షిణదేశపు శైవులు చెప్పు కథ యొకటి. గజాసురుని కథ మరియొకటి.

గజాసురుని కథ స్కాందపురాణములోని కాశీఖండమునందును, శివపురాణమునందును కలదు. మహిషాసురుని కుమారుడైన వీడు తపస్సు చేసి వరములు పొంది, లోకములను పీడించుచు కాశిమీదికి వచ్చెను. శివుడు వానిని శూలమున గ్రుచ్చి పైకెత్తెను. శూలపు కొననుండి వాడు కోరిన కోరికయే మనకు ముఖ్యము. ప్రాణము అడుగలేదు, తన తోలును ధరింపుమని అడిగెను. ఆ తోలు స్వామి మేనికి సరిపోవు కొలత గలదై యుండవలెను. తాకుటకు హాయిగా నుండవలెను. ఎల్లప్పుడు మెత్తగా నుండవలెను. మాలిన్యము అంటరాదు. సుగంధము వీడరాదు. ఇంతకాలము తపోగ్నిలో నిలిచియు కాలిపోలేదు గనుక ఇది సామాన్యమైన తోలు కాదని గూడ వాడు వాదించెను. శివుడు వరమిచ్చి కృత్తివాసుడయ్యెను. కాశిలో కృత్తివాసేశ్వర లింగము వెలసెను.

ఈ ప్రార్థనలో భక్తి కలదు, నిజమే. కాని సంతలో తన సరకు గుణములు చెప్పు వర్తకుని ధోరణియు అందు వినబడుచున్నది. తోళ్ళ పని ఎరిగినవారు ఈ గుణముల పట్టికను చూచి నవ్వుకొందురు. ఏలయనగా పచ్చితోలునకు సహజముగా ఏవి లేవో, అవియే ఇందు వరుసగా వచ్చినవి. పచ్చితోలు ఎండినచో రేకువలె బిగిసిపోవును, తడిసినచో కుళ్ళును, రెండు స్థితులలోను కంపు కొట్టును. దానిని సున్నపునీట నానబెట్టి, వెండ్రుకలు గీకి, కండ తీసి, లందలలో తంగేడుచెక్క కషాయమునందు దినములకొలది ఊరవేసి, కరక్కాయ పెట్టి, నూనె పట్టించి, మరల మరల నలిపినగాని అది మెత్తబడదు. ఆ పనియంతయు ఇక్కడ ఒక వరముతో ముగిసినది. ఈ మాట ముందు మనకు అక్కరకు వచ్చును, పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

పురాణము తుడిచివేసిన నెత్తుటిని కాళిదాసు మరల చూపినాడు. కుమారసంభవము ఐదవ సర్గయందు బ్రహ్మచారి వేషమున వచ్చిన శివుడు తన్ను తానే నిందించుకొనుచు, రాజహంసల చిత్తరువులు గల పెండ్లికూతురి దుకూలమునకును, నెత్తుటి బొట్లు రాలు ఏనుగుతోలునకును పొత్తు ఎట్లు కుదురునో ఆలోచించుకొమ్మని పార్వతితో అనును. మేఘసందేశమునందు యక్షుడు మేఘునకు ఒక పని అప్పగించును. ఉజ్జయినిలో మహాకాలుడు సంధ్యాతాండవము చేయువేళ, సంజకెంపు దాల్చి, స్వామి ఎత్తిన బాహువులపై పరచుకొని, పచ్చి ఏనుగుతోలు కావలెనను ఆయన కోరికను తీర్పుమనును. అప్పుడు భవాని భయము తీరి నిశ్చలమైన చూపుతో చూచునట. రెండు చోట్లను కవి దృష్టి ఒక్కటే: తోలు ఎంత గొప్పదైనను, ఇంటి ఇల్లాలికి అది భయము గొలుపును. దుకూలము ఎదుట నిలిపినపుడు గాని తోలు యొక్క కరకుదనము తెలియలేదు. నేతపని ఎరిగిన పాఠకునకు ఆ శ్లోకము ఇచ్చు సంతోషము వేరు.

మాకు దగ్గరలో, ముంబయి రేవునందలి ఘారాపురి గుహలలో, అంధకాసుర వధను చూపు పెద్ద శిల్పము కలదు. చాల భాగము విరిగిపోయినను, శివుడు వెనుక ఎత్తిపట్టిన ఏనుగుతోలు ఇప్పటికిని గుర్తింపవచ్చును. అక్కడ అది కట్టుబట్ట కాదు, గొడుగువలె పరచిన జయపతాక. గ్రీకుల కథలోను ఇట్లే జరిగినది. నెమియా సింహపు తోలును ఏ ఆయుధమును భేదింపలేకపోగా, హెరాక్లీసు ఆ సింహమును గొంతు నులిమి చంపి, దాని గోళ్ళతోనే తోలు ఒలిచి కప్పుకొనెను. దేశము ఏదైనను సూత్రమొకటే. చంపినవాడే ధరించును. రాక్షసునిదో మృగమునదో ఆ తోలు ఎంత భయంకరమైన దేహమునుండి వచ్చినదో, ధరించినవానికి అంత కీర్తి.

ఇట్టి దేవుని యెదుట నేతగాడు నిలిచినపుడు ఏమగును? తెలుగు సాహిత్యమున దీనికి ఒక ప్రసిద్ధమైన దృశ్యము కలదు. పదమూడవ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునందు జేడర దాసయ్య అను నేతగాని కథ చెప్పినాడు. దాసయ్య మిక్కిలి శ్రమపడి ఒక అపూర్వమైన బట్ట నేసెను. శివుడు జంగమరూపమున వచ్చి దానిని అడిగి పుచ్చుకొని, అతని కన్నులయెదుటనే ముక్కలు ముక్కలుగా చింపెను. దాసయ్యకు కోపము రాలేదు. శివుడు మెచ్చి తవనిధి ననుగ్రహించెను, అనగా ఎంత తీసినను తరుగని ధాన్యరాశి. భక్తుని ఓర్పును పరీక్షించు కథగా దీనిని చదువుట వాడుక. ఆ చదువు తప్పు కాదు. కాని మగ్గముమీద కూర్చుండువానికి ఇందు మరియొకటి కనబడును. దేవునకు ఆ బట్ట కట్టుకొనుటకు పనికిరాలేదు; చించుటకు మాత్రమే పనికివచ్చినది. బట్టకు బదులుగా దొరికినది బట్ట కాదు, తిండిగింజలు.

భావనారుషి కథ ఈ చిక్కును ఇంతకంటె లోతుగా పట్టుకొన్నది. దీనికి పాఠములు పెక్కు. థర్‌స్టన్, రంగాచారి 1909లో ప్రకటించిన ఏడు సంపుటముల దక్షిణభారత కులచరిత్రలో చేరిన పాఠమును నేను ఇక్కడ గైకొనుచున్నాను. అది పొట్టిదే గాని, మనకు కావలసిన కీలకములన్నియు అందు కలవు. దేవతలును మానవులును దిగంబరులై యుండి, తమకు బట్టలు కావలెనని మార్కండేయుని వేడిరి. ఆయన హోమము చేయగా, విష్ణుని నాభికమలపు తూటినారతో చేసిన నూలుండ చేతబట్టి భావనారుషి అగ్నినుండి వెలువడెను. బట్టలు నేసి దేవతలకు పంచెను. భైరవునకు గూడ ఒకటి ఇచ్చెను. కాని అది మొదట నేసి మగ్గమున చుట్టియుంచు బట్ట కాదు, కడపట నేసినది. భైరవుడు దానిని పుచ్చుకొనక, నీవు నేసిన బట్టలు ఆరు మాసములలో చినిగిపోవుగాక యని శపించెను. అంతట శివుడు తనకు కట్టుకొనుటకు పులితోలు తెమ్మనెను. నారదుని మాటపై భావనారుషి ఉదయగిరికి పోయెను. అతనినే భర్తగా కోరి తపస్సు చేయుచున్న సూర్యపుత్రిక భద్రావతి, తన్ను పెండ్లియాడినచో తోలు సంపాదించి యిత్తుననెను. అతడు సమ్మతించెను. పులి లభించెను. అతడు దానినే వాహనముగా చేసికొని కైలాసమునకు పయనమై, దారిలో కాలవాసురుడను రాక్షసుని పోరున చంపెను. శివుని సన్నిధికి చేరి పులిపై చేయి వేయగా, అది తన తోలును విడిచెను. ఆ తోలును శివుడు గైకొనెను.

తెలంగాణమున ఈ కథను ఊరూర వినిపించువారు కూనపులివారు. పద్మశాలీలపై ఆధారపడిన కథకులు వారు. వారి పేరులోనే పులి కలదు. పొడుగైన పటమును దింపుచు, ఒక్కొక్క బొమ్మను కర్రతో చూపుచు పాడుదురు. చేర్యాల నకాశీ చిత్రకారులు ఖద్దరుబట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి ఈ పటములు వ్రాయుదురు. మార్కండేయ భావనారుషుల కథ వ్రాసిన 1625 నాటి పటమొకటి హైదరాబాదులోని జగదీశ్ కమలా మిత్తల్ కళాసంగ్రహమున భద్రముగా నున్నది. ఈ సందర్భమున ఒక చిన్న మాట. తోలుబొమ్మలాటలో మేకతోలుపై సీతమ్మ చీర అంచులను రంధ్రములు పొడిచి చిత్రింతురు. తోలు బట్టగా నటించును. పటముకథలో నేతబట్టపై పులితోలు చారలు దిద్దుదురు. బట్ట తోలుగా నటించును. ఏ కులము ఏ సాధనముతో కథ చెప్పునో, ఆ సాధనము కథలోనికి రాకమానదు.

ఇక కథను విచారింతము. మొదట, ఆ కడపటి బట్ట. నేత తెలియనివారు దీనిని ఆచారభంగముగా మాత్రమే చూతురు: దేవునకు మొదటి పంట, మొదటి కాయ, మొదటి బట్ట ఈయవలెనని. కాని పడుగు ముగియవచ్చునప్పుడు బిగువు నిలుపుట ఎంత కష్టమో నేతగానికి తెలియును. పోగులు తెగును, అంచు వంకరపోవును. కడపటి బట్ట అనగా ఆలస్యముగా ఇచ్చినది అని మాత్రమే కాదు; నాణ్యము తగ్గినది యని గూడ అర్థము. భైరవుడు అలిగిన దేవుడే గాక, సరకు తెలిసిన కొనుగోలుదారు. భివండీలో గ్రే బట్ట తానులను వెలుతురున పరచి, తప్పు నేతను వేలితో చూపి, కూలిలో కోత వేయు షేట్లను ఎరిగినవారికి భైరవుని చిత్రము కొత్త కాదు.

రెండవది శాపము. దీనిని గూర్చి మా వారిలో అందరును చెప్పు అభిప్రాయమొకటి కలదు: నేతగాని దారిద్ర్యమునకు ఈ శాపమే మూలమని. మార్కండేయ జయంతి సభలలో ఈ మాట చాలసార్లు వినుచుందును. నాకు ఇది తలక్రిందులైన వ్యాఖ్యగా తోచుచున్నది. బట్ట ఎన్నటికిని చినుగకున్నచో, భావనారుషి ఒక్కమారు లోకమునకంతకును బట్టలు నేసి, మగ్గము విప్పి, తపస్సునకు పోవలసినవాడే. అతనికి సంతానమెందులకు, సంతానమునకు మగ్గమెందులకు? ఆరు మాసములకు చినుగు బట్టయే రెండవ బట్టను అడుగును. శాపవాక్యము మొదలుకొని నేత యను వృత్తి పుట్టినది. అంతకుముందున్నది ఒక మహిమ మాత్రమే. దాసయ్యకు తవనిధి దొరికినట్లు భావనారుషికి ఏ నిధియు దొరకలేదు. దొరికినది ఈ శాపమే; తరతరములుగా తరుగక అన్నము పెట్టినదియు ఇదియే. కూలి చాలకుండుట, నూలు ధర పెరుగుట, మగ్గములు ఇనుపసామానుకు అమ్ముడుపోవుట భైరవుని నెత్తిన రుద్దదగినవి కావు. వానికి వేరు కర్తలు కలరు.

గజాసురుని తోలు ఇందుకు సరిగా ఎదురైనది. అది ఎన్నటికిని మాయదు, మెత్తదనము వీడదు. ఒక్కడు ధరించెను, అంతటితో సరి. రెండవ గజాసురునితో ఎవరికిని పనిలేదు. అంత అపురూపమైన వస్తువుపై ఏ కులమును బ్రదుకలేదు.

మూడవది ఈ కథలో నాకు అన్నిటికంటె ముఖ్యమైనది. ఇందు రాక్షసుడు కలడు, వధ కలదు, తోలు కలదు. గజాసురుని కథలోనివన్నియు ఇక్కడను ఉన్నవి. కాని రాక్షసుడు వేరు, తోలు వేరు. కాలవాసురుడు చచ్చెను, వాని తోలును ఎవరును తాకలేదు. తోలు ఇచ్చిన పులి చావలేదు. శైవపురాణము ఒక్క ముడిగా బిగించిన వధను, వస్త్రమును నేతగాని కథ విప్పి రెండు పోగులుగా విడదీసినది. ఇది యాదృచ్ఛికమని నేను అనుకొనను. దేవాంగుల పురాణముతో పోల్చి చూచినచో తెలియును. అందు దేవలమహర్షి తెచ్చిన నూలునకు రంగులు, చౌడేశ్వరి చంపిన రాక్షసుల నెత్తుటినుండి వచ్చినవని చెప్పుదురు. అక్కడ రాక్షసదేహము బట్టలోనికి వచ్చి చేరినది. పద్మశాలీల కథ ఆ దారికి పోలేదు.

ఒకనాడు తరగతిలో ఈ కథ చెప్పగా ఒక బాలిక, “తోలు విడిచిన తరువాత పులి ఏమైనది సార్?” అని అడిగినది. మంచి ప్రశ్న. చిత్తరువులలో భావనారుషి నేటికిని పులిపైననే కూర్చుండును. ఆ పులి చారలతో నిండుగా నుండును. అనగా తోలు ఇచ్చియు పులికి తోలు పోలేదు. దీనికి పోలిక అడవిలో దొరకదు, మగ్గమున దొరకును. నేసిన బట్టను కోసి దించినంత మాత్రమున మగ్గము తరుగదు. మరల పడుగు ఎక్కును. నేతగాడు పులిని మగ్గముగా ఊహించినాడు. తోలును ఒలుచుటగా గాక దించుటగా ఊహించినాడు. ఆ పులిని తెచ్చి ఇచ్చినది భార్య యగుటయు ఇందుకు తగియున్నది. చేనేత ఇంట కండెలు చుట్టి నూలు సిద్ధపరచునది ఆడుది. మగవాడు మగ్గమెక్కుట ఆ తరువాత. శివుడు బట్ట వలదని తోలు అడిగెను. నేతగాడు తోలునే బట్టవలె తయారుచేసి ఇచ్చెను. బట్టను కాదన్న దేవుని యెదుట ఇంతకంటె తెలివైన జవాబు ఉండునా?

విష్ణుని నాభినుండి నూలు వచ్చుట, శివునకు తోలు పోవుట చూపి, ఇది శైవవైష్ణవ సమన్వయమునకై కల్పించిన కథయని చెప్పువారు కలరు. పద్మశాలీలలో రెండు సంప్రదాయములవారును ఉన్నందున ఆ మాటలో కొంత సత్యము కలదు. కాని సమన్వయము మాత్రమే ఉద్దేశమైనచో కడపటి బట్ట యెందులకు? ఆరు మాసముల గడువు ఎందులకు? చావని పులి యెందులకు? కథలోని కొలతలను, సాధనములను వదలి సిద్ధాంతమును మాత్రము పట్టుకొను విమర్శ నాకు రుచింపదు.

ఐతే ఈ తెలివిలో ఒక వెలితి కూడ కలదు. దానిని చెప్పక దాటుట న్యాయము కాదు. పులి తోలును విడిచినది, శివుడు కట్టుకొనెను. ఈ రెంటి నడుమ ఎవరును లేరు. కత్తి లేదు, సున్నము లేదు, తంగేడుచెక్క లేదు, లంద లేదు. గజాసురుని వరమున కనుమరుగైన పనివాడే ఇక్కడను కనుమరుగైనాడు. బ్రాహ్మణపురాణము అతనిని వదలినందుకు ఆశ్చర్యపడనక్కరలేదు. కాని చెమటతో బ్రదుకు నేతగాని పురాణము, తన పొరుగున మరియొక పచ్చిసరకును మెత్తపరచువానిని వదలుట ఆలోచింపదగినది. తన పనిని అగ్నినుండి పుట్టిన ఋషికి ముడిపెట్టి గౌరవించుకొన్నవాడు, పొరుగువాని పనిని మహిమగా మార్చి మాయము చేసినాడు. మా తరగతులలో పద్మశాలీల బిడ్డలతోపాటు ఇతర కులముల తెలుగు బిడ్డలును కూర్చుందురు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి బ్రదుకుతెరువునకై వచ్చినవారిలో లందల చెంత పెరిగిన తాతలు గలవారును ఉన్నారు. తాతల పని ఏ కథలో నున్నదని వారు అడిగినచో, భావనారుషి కథను చూపి ఊరకుండుటకు వీలులేదు.

వేరొక కథ వారికి కలదు. మాదిగల జాంబపురాణమును చిందువారు, డక్కలివారు నేటికిని చెప్పుదురు. అందు ఆదిజాంబవుడు భూమికంటె ముందు పుట్టినవాడు. నేతగాని పురాణమున ఖాళీగా నున్న చోటు అక్కడ నిండియున్నది. ఒక కులపురాణమును ఒంటరిగా చదివినచో అది గొప్పలు చెప్పుకొనుటగా కనబడును. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినపుడు ఒకటి మాటలాడనిచోట మరియొకటి మాటలాడుట వినబడును. మన పరిశోధకులు కూనపులివారి పటములను ఒక సంపుటమునను, జాంబపురాణమును వేరొక సంపుటమునను చేర్చి, రెండు అలమరలలో పెట్టినారు. అవి ఒకే ఊరి రెండు పేటలలో పుట్టిన కథలు.

నేతకును తోలునకును సంబంధము లేదని ఎవరైన తలచినచో, భివండీకి వచ్చి పాత సాదా పవర్‌లూమును ఒకమారు చూడవలెను. ఆ మగ్గమున నాడెను ఈ దరినుండి ఆ దరికి కొట్టు పికరు అను ముక్క చాలకాలము గేదెతోలుతోనే తయారైనది. తోలును పొరలు పొరలుగా బిగించి, నూనెలో నానబెట్టి గట్టిపరచిన ముక్క అది. కర్రనుండి దానిని లాగు పట్టాయు తోలే. నిమిషమునకు నూరుమార్లకు పైగా నాడె దెబ్బ తినును. ప్రతి దెబ్బను ఆ తోలే కాయును. తరువాత నైలాను పికర్లు వచ్చినవి. నాడెయే అక్కరలేని రేపియరు మగ్గములు వచ్చిన చోట పికరు కూడ పోయినది. కాని ఈ పట్టణమున లక్షల మగ్గముల చప్పుడు దశాబ్దములపాటు వినబడినదనగా, అది ఇనుముతోపాటు గేదెతోలు చేసిన చప్పుడు కూడ. పికరు అరిగిన దినమున మగ్గము ఆగును. ఆ దినము కూలి లేదు. భైరవుని శాపము తోలునకు గూడ తగిలినదన్నమాట. గజాసురుని తోలు వలె గాక ఇది అరుగును. అరుగుటవలననే మరియొకనికి పని కల్పించును. పురాణమున ఎదురెదురుగా నిలిచిన తోలును, బట్టయు కార్ఖానాలో ఒకే పనియందు కలసినవి. ఈ సంగతి ఏ కూనపులివాని పటములోను ఇంకను చేరలేదు.

నిజమైన పులితోలు మాటకు వచ్చినచో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పులిని ఒకటవ షెడ్యూలున చేర్చినది. దాని తోలును కొనుట, అమ్ముట నేరము. జపాసనముగా వ్యాఘ్రాజినమును పరచుకొను వాడుకయు దానితో అడుగంటినది. నేడు నాటకములలో శివపాత్రధారి నడుమున చుట్టుకొనునది, పూజాసామగ్రి అంగళ్ళలో స్వామి పీఠముమీద పరచుటకు అమ్మునది, పులిచారలు అద్దిన మఖమలుబట్ట. అది ఒకటి రెండు ఏండ్లకు వెలిసి, పోగులు లేచును. అప్పుడు మరియొక గజము కొందురు.